గాలిలో బూజు: మూడు ప్రశ్నల చరిత్ర

తెలుగులో ‘బూజు’ అనే మాట రెండిటికి వాడతాం. ఇంటి మూలల్లో పట్టే సాలెగూళ్లూ బూజే, తడి చెంచా పెట్టిన పచ్చడి మీద తెల్లగా పెరిగేదీ బూజే. పండగ ముందు కర్రకి చీపురు కట్టి దులిపేది మొదటి రకం. ఈ వ్యాసం రెండో రకం గురించి.

వానాకాలం వచ్చిందంటే స్లాబ్ కారిన చోట, బాత్రూమ్ గోడకి, బీరువా వెనకాల నల్లటి చుక్కలు వస్తాయి. చాలామందికి అది పెయింట్ పాడుచేసే మరక, అంతే. కానీ ఆస్తమా ఉన్నవాళ్లు అదే గదిలో పడుకుంటే అర్ధరాత్రి పిల్లికూతలతో లేచి కూర్చుంటారు. పక్క మంచం మీద ఉన్నవాడికి తుమ్ము కూడా రాదు. అప్పుడు వచ్చే మాట ఒకటే: “మాకెవ్వరికీ ఏం కావట్లేదు, నీకే ఎందుకు?”

ఈ మాటకి సైన్స్ జవాబు వెతుక్కోవడానికి దాదాపు 300 ఏళ్లు పట్టింది. ఆ చరిత్ర చదువుతుంటే మూడు ప్రశ్నలు కనిపిస్తాయి. గాలిలో ఏముంది? ఈ మనిషి ఒంటికి ఏది పడదు? పడనిదాన్ని తీసేస్తే మనిషి తేరుకుంటున్నాడా? మొదటి రెండిటికీ బోలెడు యంత్రాలు, టెస్టులు వచ్చాయి. మూడోదానికి పెద్దగా యంత్రమేమీ అక్కర్లేదు. కానీ అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే. ఎలాగో చూద్దాం.

ముందు స్పోర్ అంటే ఏంటి?

బూజు శిలీంధ్రం. దానికి విత్తనాలుండవు. విత్తనాల పని చేసే సూక్ష్మ కణాలను స్పోర్లు అంటారు; తెలుగు మీడియం బోటనీ పుస్తకాల్లో ‘సిద్ధబీజాలు’ అని ఉంటుంది. వీటి సైజు మైక్రాన్లలో చెబుతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, పెనిసిలియం, ఆస్పర్‌జిల్లస్ అనే బూజుల స్పోర్లు చాలావరకు 2 నుంచి 5 మైక్రాన్లే. ఆల్టర్నేరియా స్పోర్ పెద్దది, 20 మైక్రాన్లు దాటుతుంది. పెద్దవి ఎక్కువగా ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. 5 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లగలవు.

ఇంకో విషయం. ఇల్లు ఎంత శుభ్రంగా ఉన్నా గాలిలో స్పోర్లు ఉంటాయి. కిటికీలోంచి వస్తాయి, బట్టల మీద వస్తాయి. అసలు స్పోర్లే లేని మామూలు గది అంటూ ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి ప్రశ్న: గాలిలో ఏముంది?

1729లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పియెర్ ఆంటోనియో మిచెలీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పుచ్చకాయ జాతి పండు ముక్కల మీద బూజు స్పోర్లు చల్లి చూశారు. ఏ బూజు చల్లితే అదే బూజు మొలిచింది. బూజు దానంతట అదే కుళ్లులోంచి పుట్టదనీ, స్పోర్ నుంచే వస్తుందనీ ఈ ప్రయోగం చూపించింది. ఆస్పర్‌జిల్లస్‌కి పేరు పెట్టింది కూడా ఈయనే. మైక్రోస్కోప్‌లో అది చర్చిలో పవిత్ర జలం చిలకరించే పరికరంలా కనిపించింది, ఆ పరికరం పేరే పెట్టేశారు. మనవాళ్లు చూసి ఉంటే పెళ్లిలో పన్నీరు చిలకరించే బుడ్డి పేరు పెట్టేవారేమో!

తర్వాత చెప్పుకోవాల్సింది లూయీ పాశ్చర్ గురించి. 1860లో ఆయన పోషక ద్రవం నింపి సీలు చేసిన ఫ్లాస్కులను వేరువేరు చోట్ల తెరిచి, మళ్లీ మూసేశారు. జూరా కొండల కింద తెరిచిన 20 ఫ్లాస్కుల్లో 8 పాడయ్యాయి. కొండ మీద 20లో 5. ఆల్ప్స్‌లో మెర్ ద గ్లాస్ అనే హిమనదం దగ్గర 20లో ఒకటే ఒకటి. అంటే గాలిలో సూక్ష్మజీవులు ఉన్నాయి, పైగా అన్ని చోట్లా ఒకేలా లేవు. ఉందా లేదా అనే దగ్గర్నుంచి ఎంత ఉంది అనే దగ్గరికి వచ్చామన్నమాట.

తర్వాతి అడుగు మన దేశంలోనే పడింది. కలకత్తాలో పనిచేసిన డేవిడ్ డగ్లస్ కనింగ్‌హామ్ అనే డాక్టరు అక్కడి జైళ్ల దగ్గర గాలిని పరీక్షించి 1873లో పుస్తకంగా ప్రచురించారు. అప్పట్లో కలరా, జ్వరాలు చెడు గాలి వల్ల వస్తాయని నమ్మేవారు. ఆయన వాడిన పరికరం సింపుల్: గాలి ఎటు వీస్తే అటు తిరిగే గరాటు, దాని వెనకాల జిగురు పూసిన గాజు పలక. ఈ పద్ధతిని అంతకు కొంచెం ముందు తయారుచేసింది రిచర్డ్ లీచ్ మాడాక్స్. ఫోటోగ్రఫీ చరిత్రలో జెలటిన్ డ్రై ప్లేట్ కనిపెట్టింది కూడా ఆయనే. కనింగ్‌హామ్ పలకల మీద స్పోర్లు, పుప్పొడి కుప్పలు తెప్పలుగా దొరికాయి. ఆ లెక్కలను జబ్బుల లెక్కల పక్కన పెట్టి చూస్తే మాత్రం సంబంధం కనిపించలేదు.

కలరా నీళ్లలో వచ్చే బ్యాక్టీరియా వల్ల వస్తుందని ఇప్పుడు మనకి తెలుసు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. కానీ ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. ఊరంతా పీల్చే గాలిని, ఊరంతటి జబ్బుల లెక్కతో పోల్చితే, ఆ గాలి పడని కొద్దిమంది ఆ సగటులో కనిపించకుండా పోతారు. వాళ్లు కనిపించాలంటే ఒక్కొక్క మనిషినీ విడిగా చూడాలి.

రెండో ప్రశ్న: ఎవరికి పడదు?

విచిత్రం ఏంటంటే, ఆ పని చేసిన పుస్తకం కూడా అదే 1873లో వచ్చింది. రాసింది ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ డాక్టరు చార్లెస్ బ్లాక్‌లీ. ఆయనకి ప్రతి వేసవిలో తుమ్ములు, ముక్కు కారడం. కారణం వెతకడానికి తన మీదే ప్రయోగాలు చేసుకున్నారు. చేతి మీద గీసి పుప్పొడి రాసి దద్దురు వస్తుందో లేదో చూశారు. ఈ రోజు ఎలర్జీ క్లినిక్‌లో చేసే చర్మ పరీక్షకి మూలం ఇదే. గాలిపటాలకి జిగురు పలకలు కట్టి పైన గాలిలో పుప్పొడి ఎంతుందో లెక్కపెట్టారు. గడ్డి తడిపి దాని మీద పెనిసిలియం, కీటోమియం అనే బూజులు పెంచి, వాటి స్పోర్లను పీల్చి కూడా చూశారు. ఛాతీ బిగుసుకుపోయి, గొంతు బొంగురుపోయిందని రాసుకున్నారు.

గాలి లెక్క, ఒంటి పరీక్ష రెండూ ఒకే మనిషి చేశారు కాబట్టి అవి ఒకదానితో ఒకటి కలిశాయి. తర్వాత చాలాకాలం ఇవి రెండు వేరే దారులైపోయాయి.

‘ఎలర్జీ’ అనే పదాన్ని 1906లో వియన్నా డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే తయారుచేశారు. మన భాషలో దానికి ఎప్పట్నుంచో చక్కటి మాట ఉంది: పడదు. “నాకు వంకాయ పడదు” అంటాం. వంకాయ విషం అని కాదు, అందరికీ మంచిదే, నా ఒంటికి మాత్రం సరిపడదు అని. ఎలర్జీకి ఇంతకన్నా చిన్న డెఫినిషన్ నాకు ఎక్కడా దొరకలేదు.

బూజు విషయంలో మలుపు 1924. కెనడాలోని విన్నిపెగ్‌లో ఎఫ్. టి. కాధమ్ అనే డాక్టరు, ధాన్యానికి పట్టే తుప్పు తెగులు స్పోర్ల వల్ల ఆస్తమా వస్తోందని చూపించారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెమ్ స్టార్మ్ వాన్ లూవెన్, తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఆస్తమాకి బూజుతో సంబంధం ఉందని రాశారు. ఆయన ఇంకో పని కూడా చేశారు. ఎలర్జీ కలిగించేవి లేని శుభ్రమైన గాలి మాత్రమే అందే ప్రత్యేకమైన గదులు కట్టి, రోగులను అందులో ఉంచి చూశారు. చాలామందికి ఆయాసం తగ్గింది. గమనించారా? గాలిని లెక్కపెట్టలేదు, చర్మం మీద గీయలేదు. అనుమానం ఉన్నదాన్ని తీసేసి, ఏమవుతుందో చూశారు. మూడో ప్రశ్న ఇక్కడ మొదలైంది.

లెక్కపెట్టే యంత్రాలు

20వ శతాబ్దంలో గాలిని కొలిచే పని జోరందుకుంది. దీనికి పెద్ద కారణం మన జబ్బులు కాదు, పంటల జబ్బులు. అమెరికాలో ఇ. సి. స్టాక్‌మన్ బృందం విమానాల్లో వెళ్లి గోధుమ తుప్పు తెగులు స్పోర్లను పట్టుకుని 1923లో ఫలితాలు ప్రచురించింది. 1933లో చార్లెస్ లిండ్‌బర్గ్ ఉత్తర అట్లాంటిక్ మీదుగా ఎగురుతూ జిగురు పలకల మీద స్పోర్లు పట్టుకొచ్చారు. ఆ పని వెనక ఉన్న ఫ్రెడ్ మయర్ అనే శాస్త్రజ్ఞుడే ఈ శాస్త్రానికి ‘ఏరోబయాలజీ’ అని పేరు పెట్టారు. 1938లో పసిఫిక్ మీద మాయమైపోయిన హవాయ్ క్లిప్పర్ విమానంలో ఆయన కూడా ఉన్నారు.

అసలైన యంత్రం 1952లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో జాన్ హర్స్ట్ తయారుచేసిన స్పోర్ ట్రాప్ అది. ఒక పంపు నిమిషానికి 10 లీటర్ల గాలి లాగుతుంది. ఆ గాలి సన్నటి చీలికలోంచి వచ్చి జిగురు పలకకి తగులుతుంది. పలక గంటకి 2 మిల్లీమీటర్లు కదులుతుంది, అంటే రోజుకి 48 మిల్లీమీటర్లు. మన భాషలో చెప్పాలంటే టైమ్‌స్టాంప్ ఉన్న లాగ్ ఫైల్! దీంతో ఏ స్పోర్ ఏ గంటకి ఎక్కువ అనేది తెలిసింది. క్లాడోస్పోరియం, ఆల్టర్నేరియా లాంటివి పొడిగా ఉన్న పగటిపూట గాలిలోకి లేస్తాయి. ఇంకొన్ని రకాలు వాన పడ్డాక, తేమగా ఉన్న రాత్రుల్లో వస్తాయి. “నాకు రాత్రిపూటే ఎక్కువ” అనే రోగి మాటని తోసిపుచ్చలేని కారణాల్లో ఇదొకటి.

1958లో ఆండర్సన్ శాంప్లర్ వచ్చింది. ఇందులో ఒకదాని కింద ఒకటి ఆరు అంతస్తులు. ప్రతి అంతస్తులో 400 రంధ్రాలున్న పళ్లెం, దాని కింద పెట్రీ డిష్. కిందికి వెళ్లేకొద్దీ రంధ్రాలు చిన్నవవుతాయి. పెద్ద కణాలు పైనే ఆగిపోతాయి, చిన్నవి కిందికి దిగుతాయి. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా మన శ్వాస మార్గం చేసే పనిని లోహంతో కాపీ కొట్టారన్నమాట.

మన దేశంలో ఔరంగాబాద్‌కి చెందిన ఎస్. టి. తిలక్ ఇక్కడి పరిస్థితులకి తగ్గట్టు తిలక్ ఎయిర్ శాంప్లర్ తయారుచేశారు. 1980లో ఇండియన్ ఏరోబయాలజికల్ సొసైటీ మొదలైంది.

ప్రతి యంత్రానికీ ఒక గుడ్డితనం ఉంది. పెట్రీ డిష్ తెరిచిపెడితే బరువైన స్పోర్లు త్వరగా పడతాయి, తేలికవి గాలిలోనే తిరుగుతుంటాయి. పడ్డవాటిలో కూడా బతికున్నవే, ఆ పోషకం నచ్చినవే మొలుస్తాయి. కానీ చచ్చిపోయిన స్పోర్ కూడా ఎలర్జీ తెప్పించగలదు. పోనీ జిగురు పలక మీద లెక్కపెడదామంటే చచ్చినవీ కనిపిస్తాయి గానీ, పెనిసిలియం, ఆస్పర్‌జిల్లస్ స్పోర్లు రెండూ మైక్రోస్కోప్‌లో గుండ్రటి చుక్కలే. ఏది ఏదో చెప్పడం కష్టం. ఒకే గదిలో ఒకే గంటలో రెండు పద్ధతులు రెండు వేరే సంఖ్యలు ఇస్తాయి. ఫ్యాన్ వేస్తే, దుప్పటి దులిపితే ఆ సంఖ్య మళ్లీ మారిపోతుంది.

చర్మం, రక్తం చెప్పేది

1966, 1967లలో ఎలర్జీకి కారణమైన ఐజీఈ అనే యాంటీబాడీని గుర్తించారు. అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ విడివిడిగా దీన్ని పట్టుకున్నారు. దాంతో చర్మ పరీక్షతో పాటు రక్త పరీక్ష కూడా వచ్చింది.

చర్మ పరీక్ష ఇలా ఉంటుంది. ముంజేతి మీద ఒక్కో పదార్థం చుక్క వేసి సూదితో కొంచెం గుచ్చుతారు. 15, 20 నిమిషాల తర్వాత దద్దురు కొలుస్తారు. పోల్చుకోడానికి ఉత్త ద్రవం ఒక చుక్క, హిస్టమిన్ ఒక చుక్క పెడతారు. ఉత్త ద్రవం కన్నా కనీసం 3 మిల్లీమీటర్లు పెద్ద దద్దురు వస్తే పాజిటివ్. అంతకుముందు కొన్ని రోజులు ఎలర్జీ మాత్రలు ఆపమంటారు, లేకపోతే దద్దురు రాదు. ఏవి ఆపాలో డాక్టరే చెప్పాలి. ఇన్‌హేలర్ మన సొంతంగా ఎప్పుడూ ఆపకూడదు.

ఈ పరీక్షకి ఎంత విలువుందో 1991లో ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. ఆస్తమాతో ఊపిరి ఆగిపోయే దాకా వెళ్లిన 11 మంది పిల్లలు, యువకుల్లో 10 మందికి ఆల్టర్నేరియా చర్మ పరీక్ష పాజిటివ్. అంత తీవ్రత లేని మిగతా ఆస్తమా రోగుల్లో పాజిటివ్ 31 శాతమే. కాబట్టి బూజు ఎలర్జీ అంటే వట్టి తుమ్ముల వ్యవహారం అనుకోకూడదు.

మన దేశంలో దీనికి ఇంకో ముఖం ఏబీపీఏ. కొందరు ఆస్తమా రోగుల ఊపిరి గొట్టాల్లో ఆస్పర్‌జిల్లస్ చేరి, దాని మీద ఒళ్లు తీవ్రంగా తిరగబడుతుంది. ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో వాటిని టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు వాడించిన కేసులు వైద్య పత్రికల్లో పదే పదే వచ్చాయి. ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ రక్త పరీక్ష సమయానికి చేస్తే చాలావరకు దొరికిపోయే జబ్బు ఇది. 2021లో అందరినీ భయపెట్టిన ‘బ్లాక్ ఫంగస్’ వేరే సంగతి. అది శిలీంధ్రం ఒంట్లోకి చొచ్చుకుపోయే ఇన్ఫెక్షన్. గోడ మీద నల్ల బూజుకీ దానికీ రంగు పేరు తప్ప పోలిక లేదు.

అయితే ఈ పరీక్షలకీ హద్దులున్నాయి. మెషిన్ లెర్నింగ్‌లో చదివే ఫాల్స్ పాజిటివ్, ఫాల్స్ నెగటివ్ ఇక్కడ మనుషుల మీద ప్రయోగమవుతాయి. పాజిటివ్ వచ్చిందంటే ఒళ్లు దాన్ని గుర్తుపట్టిందని అర్థం, ఆయాసం దానివల్లే అని కాదు. నెగటివ్ వచ్చినా పూర్తిగా కొట్టిపారేయలేం. బూజు రకాలు లెక్కలేనన్ని, పరీక్ష కిట్‌లో ఉండేవి కొన్నే. పైగా బూజు నుంచి తీసిన పరీక్ష ద్రవం ఒక కంపెనీదీ ఇంకో కంపెనీదీ ఒకేలా ఉండదు.

క్లీవ్‌లాండ్ పాఠం

1993, 1994లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పది మంది పసిపిల్లలకి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం అయ్యింది. వాళ్ల ఇళ్లలో స్టాకీబోట్రిస్ అనే నల్ల బూజు ఎక్కువగా ఉందని, కారణం అదే కావచ్చని మొదటి నివేదికలు చెప్పాయి. పత్రికల్లో ‘విషపు బూజు’ అనే మాట మారుమోగింది. కోర్టు కేసులు, టెస్టింగ్ వ్యాపారాలు పెరిగాయి. 2000లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ పరిశోధనను మళ్లీ పరిశీలించి, శాంపిల్ తీసిన తీరులో, లెక్కల్లో లోపాలున్నాయని, సంబంధం రుజువు కాలేదని ప్రకటించింది.

రుజువు కాలేదంటే బూజు మంచిదని కాదు. కానీ నష్టం మాత్రం సున్నిత శరీరం ఉన్నవాళ్లకే జరిగింది. ముందు అతిగా భయపెట్టారు, తర్వాత “అదంతా ఉత్తదే” అన్నారు. ఈ రెండిటి మధ్య నిజంగా ఊపిరాడని మనిషి మాట ఎవరికీ వినపడలేదు.

తర్వాత వచ్చిన రెండు పెద్ద సమీక్షలు నిదానంగా మాట్లాడాయి. 2004లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, తేమ, బూజు ఉన్న ఇళ్లకీ దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువవడానికీ సంబంధం ఉందని తేల్చింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్పి, ఇన్ని స్పోర్ల లోపు ఉంటే క్షేమం అని సంఖ్య మాత్రం ఇవ్వలేదు. అలాంటి సంఖ్యకి ఆధారం లేదంది. దాని సలహా ఒక్కటే: తేమని ఆపండి.

మూడో ప్రశ్న

ఇక్కడికి మన మూడో ప్రశ్న తిరిగి వస్తుంది. కోడ్‌లో బగ్ ఎక్కడుందో తెలియకపోతే ఏం చేస్తాం? అనుమానం ఉన్న లైన్‌ని కామెంట్ చేసి రన్ చేస్తాం. స్టార్మ్ వాన్ లూవెన్ గది చేసిందీ అదే. ఇంట్లో, హాస్టల్లో మనం చేయగలిగిందీ అదే.

ఎలర్జీ ఉన్నవాళ్లు రెండు మూడు వారాలు చిన్న డైరీ రాయాలి: ఏ గదిలో, ఏ టైంలో, వాన పడిందా, ఆయాసం ఎంత. ఊరెళ్లినప్పుడు తగ్గి, తిరిగొచ్చిన రాత్రే మొదలైతే అది గట్టి ఆధారం. ఆ డైరీతో డాక్టరు దగ్గరికి వెళితే ఏ పరీక్ష చేయించాలో ఆయనకి తెలుస్తుంది. పరీక్ష ముందు, కథ తర్వాత అయితే తికమకే.

ఆన్‌లైన్‌లో అమ్మే పెట్రీ డిష్ కిట్లతో జాగ్రత్త. గదిలో తెరిచిపెడితే ఏదో ఒకటి మొలుస్తుంది. స్పోర్లు లేని గది ఉండదని మొదట్లోనే అనుకున్నాం కదా. ఆ ఫోటో చూపించి ఎవరైనా ఖరీదైన యంత్రం అమ్మితే కొనకండి. మూత్రంలో బూజు విషాల పరీక్ష కూడా రోగ నిర్ధారణకి ఆమోదం పొందింది కాదని 2015లో సీడీసీ హెచ్చరించింది. కంటికి బూజు కనిపిస్తున్నా, ముక్క వాసన వస్తున్నా ఇంకే టెస్టూ అక్కర్లేదు, పని మొదలుపెట్టొచ్చు.

ఆ పని ఇది. ముందు నీళ్లు ఎక్కడ్నుంచి వస్తున్నాయో పట్టుకోవాలి: స్లాబ్, పైపు, కిటికీ అంచు. అది ఆపకుండా పైన పెయింట్ వేస్తే బూజు మళ్లీ వస్తుంది. గట్టి గోడని సబ్బు నీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వాలి. పొడి చీపురుతో మాత్రం దులపకూడదు, స్పోర్లన్నీ గాలిలోకి లేస్తాయి. ఈ బూజుకి పండగ పద్ధతి పనికిరాదు. ఎలర్జీ ఉన్నవాళ్లు ఆ సమయంలో గదిలో ఉండకూడదు, తుడిచేవాళ్లు ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. తడి బట్టలు గదిలో ఆరేయొద్దు. మంచం, బీరువా గోడకి కొంచెం ఎడంగా జరపండి. గదిలో తేమ 60 శాతం దాటకుండా చూడాలి. కూలర్ గదిలో తేమ పెంచుతుంది, దాని గడ్డి ఏడాది పొడవునా తడిసి ఉంటే అదే బూజుకి ఇల్లవుతుంది.

ఇవన్నీ చేశాక మనిషి తేరుకుంటే జవాబు దొరికినట్టే. తేరుకోకపోతే కారణం దుమ్ములో ఉండే పురుగులో, పుప్పొడో, ఇంకేదో అయ్యుండొచ్చు, మళ్లీ వెతకాలి. ఈ వెతుకులాట ఒంటరిగా చేయడం చాలా కష్టం. అందుకే హాస్టల్లో ఎవరైనా “ఈ గదిలో నాకు ఊపిరాడట్లేదు రా” అంటే, మనకేం కావట్లేదని వాదించకుండా ఒక వారం మంచం మార్చుకుని చూద్దాం. ఖర్చు లేని పరీక్ష, వాడికి మాత్రం వారం రోజుల నిద్ర.